సింకులోకి దిగివచ్చిన పుదీనా

సంబంధిత అధికారుల సముఖమునకు,

ఈ నోటుపుస్తకం నా సొంతం. దీనిని నేను తప్ప అన్యులెవరూ చదవరాదు. అయినప్పటికీ, గోపాలపట్నం సాగరదర్శిని రెసిడెన్సీ (సముద్రం ఇక్కడికి పన్నెండు కిలోమీటర్లు) ఫ్లాటు నంబరు 102 వంటగది సింకులో ఈ సెప్టెంబరు మాసమున సంభవిస్తున్న పరిణామాలపై ఏ విచారణ సంఘమైనా, ఏ పైస్థాయి అయినా, ఎంత పైస్థాయి అయినా నిజానిజాలు తేల్చదలచిన పక్షంలో వారి సౌకర్యార్థం వాస్తవాలను తేదీలవారీగా నమోదు చేస్తున్నాను.

నేను ఎవరినీ అనుమానించను. ముప్పై నాలుగేళ్ళపాటు ఉక్కు కర్మాగారం పరిపాలనా విభాగంలో విచారణ నివేదికలు రాశాను. ఒక్కదానిలోనూ అనుమానం అనే మాట వాడలేదు. 'పరిశీలించదగిన అంశం' అని రాసేవాణ్ణి. దానివల్ల ఇద్దరి ఉద్యోగాలు పోయాయి గాని, ఎవరినీ అనుమానించినట్లు కాలేదు.

ఇట్లు,
దేవీప్రసాద్, ఎం.ఏ. (ప్రభుత్వ పాలనాశాస్త్రం)
కార్యదర్శి, నివాసుల సంక్షేమ సంఘం

సెప్టెంబరు 4, గురువారం

ఉదయం 8.10కి సింకులో నీరు నిలిచింది. 8.40కి నిలిచిన నీరు పెరిగింది. ఆ అరగంటా మా కుళాయి కట్టే ఉంది. కనుక ఆ నీరు మాది కాదు.

నీటిపై తేలుతూ కనిపించినవి: అన్నం మెతుకులు పదకొండు (పొడవు రకం, మేము వాడేది సోనామసూరి), ఎర్రగా వేగిన ఉల్లిపాయ ముక్క, ఒక పుదీనా ఆకు. మా ఇంట పుదీనా వాడి నెల దాటింది.

మా వరుసలో వంటింటి గొట్టం మూడు ఇళ్ళకు ఉమ్మడి. 102 మాది. 202కు ఏడాదిగా తాళం. 302లో గుల్జార్ బేగం గారు, ఇంటర్ చదివే కూతురు ఫర్హా అద్దెకుంటున్నారు. బేగం గారు ఆర్డర్ల మీద బిర్యానీ వండి పంపుతారు. వారి జీవనం దాని మీదే. నేను ఎవరి పేరూ చెప్పడం లేదు. మిగిలినది ఒక్క ఇల్లేనని మాత్రం చెబుతున్నాను.

నా భార్య కాంతం మగ్గు తెచ్చి, "నీళ్ళే కదండీ, తోడేద్దాం," అంది. తోడడమంటే సాక్ష్యాన్ని రూపుమాపడమని వివరించాను. "అయితే గిన్నెలు బాత్రూములో తోముకుంటాను, మీరు సాక్ష్యం చూసుకోండి," అంది. ఆమె సహకారం సంపూర్ణంగా లేదు.

సెప్టెంబరు 5, శుక్రవారం

మెతుకులు పంతొమ్మిది.

సెప్టెంబరు 6, శనివారం

ప్లంబరు గవర్రాజు పెందుర్తి నుంచి వచ్చాడు. సింకు కింది బెండు విప్పి, పొడవాటి స్ప్రింగు తీగను గొట్టంలోకి దించాడు. కొంత దూరం పోయి ఆగింది. లాగి, కొనను వేళ్ళతో నలిపి, వాసన చూశాడు.

"జిడ్డు కాదు బాబూ."

"మరి?"

"జిడ్డయితే తీగకి అంటుకుంటాది, సేతికి జారతాది. ఇది మెత్తగా దిగబడతంది, మళ్ళీ పట్టేత్తంది. పండక్కి ఏటైనా పోసినారేటి?"

పండుగకు మేము పాయసం, ఉండ్రాళ్ళు చేసుకున్నామని, వాటిని గొట్టంలో పోసే ఆచారం మా సొంత గోదావరి జిల్లాలో లేదని తెలియజేశాను.

"అది కాదు బాబూ నానంటన్నది..." అంటుండగా అతని ఫోను మోగింది. "ఆగు బావ, వత్తన్నాను, ఇక్కడ పెద్దోరి ఇంట్లో ఉన్నాను," అని తీగ చుట్టేసుకున్నాడు. ఒక పొడి పొట్లం ఇచ్చి, రాత్రికి వేయమన్నాడు. వేశాను. పొడి కూడా సింకులోనే ఉంది.

సెప్టెంబరు 7, ఆదివారం

ఊహించినట్లే. ఆదివారం 302కు ఆర్డర్లు ఎక్కువ. మధ్యాహ్నం 12.50కి సింకు అంచు దాటి నీరు నేలకు దిగింది. యాలకులు రెండు, లవంగం ఒకటి. మెతుకుల లెక్క మానుకున్నాను.

ఒక సీసాలో నమూనా పట్టి, మూత బిగించి, తేదీ, సమయం రాసి అతికించాను. ఆ సీసా నిమ్మకాయ ఊరగాయకోసం కడిగి ఎండబెట్టినదట. కాంతం తుడుపుగుడ్డ నా చేతికిచ్చి వెళ్ళి పడుకుంది.

సెప్టెంబరు 8, సోమవారం

గుల్జార్ బేగం గారు తమంతట తామే దిగి వచ్చారు. ఇది పరిశీలించదగిన అంశం.

"అక్కా, మీ వంటింట్లో నీళ్ళొచ్చాయంట కదా, ఫర్హా సెప్పింది," అంటూ లోపలికి వచ్చి సింకు చూశారు. ఆమె ముఖం చిన్నబోయింది. "అయ్యో, ఇది నా మసాలే సాబ్. నా ఇంటి నీళ్ళే. కానీ నేను గంజి కూడా గుడ్డలో వడకట్టి పోస్తాను. నూనె డబ్బాలో పట్టి మెట్లు తుడిసే గురువమ్మకిచ్చేస్తాను. వచ్చి సూడండి కావాలంటే."

నీళ్ళు తమవేనని ఆమె ఇద్దరు సాక్షుల ఎదుట అంగీకరించారు. తక్కిన వివరణ నమోదుకు అనవసరం.

"నీళ్ళు ఆవిడవైతే అడ్డం ఆవిడదవుతుందేంటండీ?" అంది కాంతం ఆమె వెళ్ళాక. కాంతం మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు పదిహేను రోజులు పైనుంచి వచ్చిన సూపు ప్రభావం ఈ వాదనలో ఉంది.

సెప్టెంబరు 10, బుధవారం

గవర్రాజు 302 గుమ్మంలో నిలబడి టీ తాగడం కంటబడింది. జిడ్డు కాదని శనివారం అన్నది ఇతనే.

సెప్టెంబరు 14, ఆదివారం

మేడ మీద సంఘం సర్వసభ్య సమావేశం. హాజరు ఏడుగురు. సీసా ప్రదర్శించాను. ఇద్దరు ముక్కు మూసుకున్నారు, ఒకరు ఫోటో తీసుకున్నారు.

ఒక సభ్యుడు "వాళ్ళ తిండి..." అని మొదలుపెట్టగా నేను వెంటనే వారించి, 'ఆహార విధానాల వ్యత్యాసం' అని మినిట్స్‌లో రాయించాను. సంఘంలో ఎవరికీ ఎవరిపైనా వివక్ష లేదని కూడా రాయించాను. అలా రాయించిన తరువాత తీర్మానం సులభంగా నెగ్గింది.

తీర్మానం నం. 7: 302 వంటగది నుంచి విడుదలైన కొవ్వు పదార్థాల మూలంగా ఉమ్మడి గొట్టం పూడినందున, సదరు అద్దెదారులచేత ఈ నెల 30లోగా ఇల్లు ఖాళీ చేయించవలసినదిగా ఫ్లాటు యజమాని శ్రీ జయంత్ (నివాసం సబ్బవరం) గారిని కోరడమైనది.

తీర్మానం నకలు నోటీసు బోర్డుకు ఎక్కింది. 302 అన్న అంకెలు స్పష్టంగా కనిపించేందుకు ఎర్ర సిరా వాడాను.

సాయంత్రం బేగం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి గుమ్మం దాటలేదు.

"ఎలిపొమ్మంటే ఎక్కడికెల్తాను సాబ్? పెద్ద డేక్సాతో వంట సేసుకుంటానంటే ఇల్లెవరిస్తారు? ఈ ఇల్లు దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. పోనీ, మూడ్రోజులు పొయ్యి ముట్టించను. ఆర్డర్లన్నీ వద్దనేస్తాను. మీ సింకులో నీళ్ళు దిగితే నాదే తప్పు. దిగకపోతే?"

దిగకపోతే అప్పుడు పరిశీలించవచ్చునన్నాను.

సెప్టెంబరు 15, సోమవారం

మెతుకులు లేవు. మేము పోసిన నీరు మాత్రం దిగలేదు.

సెప్టెంబరు 16, మంగళవారం

దిగలేదు. మెట్ల మీద ఏ వాసనా లేదు. చాలా ప్రశాంతంగా ఉంది. ప్రశాంతతను తనిఖీ చేయడానికి రెండుసార్లు రెండో అంతస్తు వరకు వెళ్ళి వచ్చాను.

సెప్టెంబరు 17, బుధవారం

దిగలేదు. పేరుకున్న పాత కొవ్వు మూడు రోజుల్లో కరగదని, కనుక ప్రయోగ ఫలితం ఏమీ నిరూపించదని 302కు లిఖితపూర్వకంగా తెలియజేశాను. జయంత్ గారు బేగం గారికి ఫోను చేసి ముప్పయ్యో తేదీ ఖాయం చేశారని గురువమ్మ ద్వారా తెలిసింది. గురువమ్మ మా వాచ్‌మన్ భార్య. ఈ భవనంలో జరిగేవన్నీ ఆమెకు తెలుసు. ఇది ఇంతకాలం నాకు సౌకర్యంగానే ఉండేది.

సెప్టెంబరు 18, గురువారం

గవర్రాజు పైనుంచి ప్రయత్నించడం మానేశాడు. భవనం వెనుక డ్రైనేజీ చాంబరు మూత లేపి, గొట్టం నేలలోకి తిరిగే చోట ఎదురునుంచి వెదురు బద్ద దూర్చి పొడవసాగాడు. గురువమ్మ చీపురు పట్టుకుని చూస్తోంది. ఉదయం 10.30.

మొదట బూడిదరంగు ముద్ద వచ్చింది. తరువాత అంతకంటె పెద్దది. గవర్రాజు పిడికిలితో పట్టి పిండాడు.

"మట్టి బాబూ. బంకమట్టి. నాను ఆ రోజే సెప్పబోయినాను."

నిర్మాణ సమయంలో మిగిలిపోయినది కావచ్చునన్నాను.

తరువాత మారేడు రెమ్మ వచ్చింది. తరువాత పసుపు దారం. తరువాత మెలికపడిన పత్తి జంధ్యం. మూడో ముద్దను గవర్రాజు నీటిలో కడిగితే అరచేతిలో రెండు గురివింద గింజలు మిగిలాయి.

"కళ్ళు," అన్నాడు గవర్రాజు. కొంచెంసేపు ముగ్గురం వాటిని చూశాం. అవి కూడా మమ్మల్ని చూస్తున్నట్లే ఉంది.

"తూము మీద జాలీ తీసేసి పోసినారు. లేపోతే ఇయి దూరవు. పైనుంచి పడితే నిలువు గొట్టానికి పూతలాగ పట్టుండాలి. అక్కడేటీ లేదు. మొత్తం ఇక్కడే, మొదటి మేడ వాష్ ఏరియా గొట్టం కలిసే కాడ కూకుండిపోయింది. ఇదెవురి దేవుడు బాబూ?"

దేవుడికి ఫ్లాటు నంబరు ఉండదన్నాను.

గురువమ్మ చీపురు గోడకు ఆనించింది. "అడుగున్నర బొమ్మ ఈ మేడలో తెచ్చినోరు ఒకులే కదేటి. ఆటోలోంచి నానే దింపినాను. నడుం పట్టేసింది కూడాను."

"నువ్వూరుకో అప్పా," అన్నాడు గవర్రాజు.

"ఊరుకోక ఏటి సేత్తన్నాను? పదిరోజులై ఊరుకునే ఉన్నాను. ఆ బేగమ్మ రోజూ నాకు అన్నం ఎడతాది. ఆవిడ మొగం సూడలేక సత్తన్నాను."

నీరు భోరున దిగిపోయింది. గింజలను కవరులో భద్రపరిచి, 'వస్తువులు – 2' అని రాశాను.

సెప్టెంబరు 19, శుక్రవారం

నీరు చక్కగా దిగుతోంది.

వాస్తవాల సంపూర్ణత కోసం: పండుగకు ముందు సర్క్యులర్ నం. 11 జారీ అయింది. రచన, సంతకం నావే. ప్రతి ఇంటా మట్టి విగ్రహాన్నే పూజించవలెను; నిమజ్జనం ఇంటిలోనే బకెట్టులో జరుపవలెను; పేరా 4 ప్రకారం కరిగిన మట్టినీటిని మొక్కల మొదళ్ళలో పోయవలెను, ఎట్టి పరిస్థితులలోనూ గొట్టాలలో పోయరాదు. దీనిని మెచ్చుకుంటూ నలుగురు సభ్యులు వాట్సాప్‌లో దండం బొమ్మలు పెట్టారు.

ఆగస్టు 31 సాయంత్రం వాన. కింద మొక్కలకు నీరు అప్పటికే సరిపోయినదని కిటికీలోంచి జరిపిన పరిశీలనలో తేలింది. లిఫ్టు పనిచేయడం లేదు. బకెట్లు మూడు. సంఘ కార్యదర్శి మెట్ల మీద మట్టిబకెట్లు మోయడం హోదాకు తగదు. కాంతం దీపారాధన సర్దుతోంది. వాష్ ఏరియా దగ్గరలో ఉంది. జాలీ వల్ల ఆలస్యమవుతోంది.

ఇంతకంటె వివరం అవసరం లేదు.

సెప్టెంబరు 20, శనివారం

నీరు చక్కగా దిగుతోంది. సమస్య పరిష్కారమైనందున తీర్మానం నం. 7 దానంతట అదే నిష్ప్రయోజనమవుతుందని భావించవచ్చు.

బోర్డు మీద ఉంది. చూశాను.

సెప్టెంబరు 21, ఆదివారం

తీర్మానాలు వాటంతట అవి నిష్ప్రయోజనం కావు. జయంత్ గారికి ఫోను చేశాను.

"ఏటి సార్, మీరే కదా లెటర్ పంపారు? ఆవిడకి సెప్పేశాను. కొత్తోళ్ళకి మాటిచ్చేశాను. ఇప్పుడు ఉండనియ్యమంటే నా మొగం ఏటవ్వాలి?"

గొట్టం బాగుపడినదని చెప్పాను.

"బాగుపడిందంటే సరిపోదు సార్. ఆవిడ వల్ల కాదంటున్నారా? అయితే ఎవరి వల్లో కాయితం మీద రాసి, సంతకం పెట్టి, వాట్సాప్ సెయ్యండి. అది సూపించి కొత్తోళ్ళకి సర్దిసెప్పుకుంటాను. లేదంటే ముప్పయ్యో తారీకు ముప్పయ్యో తారీకే."

ముసాయిదా 1: "ప్రకృతి సహజ కారణాల వల్ల ఉమ్మడి గొట్టంలో మృత్తిక చేరినందున..." చించేశాను. ప్రకృతి గురివింద గింజలకు సమాధానం చెప్పుకోలేదు.

ముసాయిదా 2: "గుర్తు తెలియని వ్యక్తులు..." గురువమ్మకు తెలుసు. గవర్రాజుకు తెలుసు.

ముసాయిదా 3: "భక్తిశ్రద్ధలతో నిర్వహించిన ఒక మతపరమైన కార్యక్రమం అనంతరం..." ఇది బాగా కుదిరింది. దేవుణ్ణి వాక్యం మొదట్లో పెడితే తరువాత ఎవరూ ప్రశ్నించరు. ఆ కారణంగానే పక్కన పెట్టాను. ఎందుకు పక్కన పెట్టానో సరిగా చెప్పలేను.

సెప్టెంబరు 22, సోమవారం

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే విస్తరాకు పక్కన స్టీలు మూతలో రెండు గురివింద గింజలు, శుభ్రంగా కడిగి ఉన్నాయి. కవరు నా బీరువాలో ఉండవలసినది.

"ఇవి నేను అతికించినవేనండి," అంది కాంతం. "ఎడం కంటి గింజకి ఓ పక్క నొక్కుంది. తిప్పి పెట్టాను కనపడకుండా."

అటువంటి నొక్కులు చాలా గింజలకు ఉండవచ్చునన్నాను.

"ఏవండీ."

ఆ ఒక్క మాటే. ముప్పై ఒక్క సంవత్సరాలలో ఆమె నన్ను రోజుకు ఇరవైసార్లు అలా పిలిచి ఉంటుంది. ఇలా ఎన్నడూ పిలవలేదు.

తరువాత అంది: "పైన డేక్సాలకి తాళ్ళు కడుతున్నారు. నేనూ ఓ చెయ్యేసి వచ్చాను. ఆవిడ నన్నేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు. కడుతుంటే తాడు ఊరికే జారిపోయింది. మీరు ఆ కాగితం రాయకపోతే నేను రాస్తాను. నాకు మీ భాష రాదు. ఒక్క వాక్యంలో అయిపోతుంది."

పెరుగు వేయకుండా వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 23, మంగళవారం

ముసాయిదా 9.

సెప్టెంబరు 24, బుధవారం

ఉదయం 10.40కి మెట్లెక్కి 302కు వెళ్ళాను. కాగితం జేబులో ఉంది. జయంత్ గారికి అప్పటికే పంపాను. ఒక్క వాక్యంలోనే అయిపోయింది.

గుల్జార్ బేగం గారు తలుపు తీశారు. వెనుక మూటలు, అట్టపెట్టెలు. గోడ మీద మేకుల గుర్తులు.

"రండి సాబ్. కుర్చీలు కట్టేశాం. ఆ డేక్సా మీద కూకోండి."

బోర్లించిన డేక్సా మీద కూర్చుని చదివాను. ఆమె చివరిదాకా విన్నారు.

"మట్టా?"

"మట్టి."

"బొమ్మ మట్టి?"

"అవును."

"102 పోసిందని రాశారు. 102 అంటే మీరే కదా?"

"నేనే."

"అక్కకి తెలుసా?"

"తెలుసు."

ఆమె నవ్వుతారనుకున్నాను. తిడతారనుకున్నాను. రెండింటికీ సిద్ధపడి వెళ్ళాను. ఆమె పెట్టె మీద అట్ట తీసి విసురుకుంటూ కూర్చున్నారు.

"జయంత్ బాబు ఇందాకే ఫోన్ సేశాడు. ఉండొచ్చన్నాడు. ఇల్లు మిగిలింది సాబ్, మంచిదే. పేరు సంగతేటి? పదిరోజులై కింద బోర్డు మీద నా నంబరు ఎర్రగా ఉంది. వచ్చినోళ్ళూ పోయినోళ్ళూ సదివారు. కాలేజీ మేడమ్ ఒకామె, రెండేళ్ళుగా ఆర్డరిస్తంది, 'ఏం గుల్జార్, నీ వంటకి గొట్టాలే మూసుకుపోతున్నాయంట, మా కడుపులేమవ్వాలి' అంది. నవ్వుతానే అంది. మళ్ళీ ఆర్డరివ్వలేదు."

తీర్మానాన్ని రద్దు చేసి కాగితాన్ని వెంటనే తొలగిస్తానన్నాను.

"తొలగిస్తే బోర్డు ఖాళీ అవుతాది. ఖాళీ బోర్డు సూసి ఎవరికి తెలుస్తాది? మీకు అర్జీలు రాయడం బాగా వచ్చంట కదా. రాసుకోండి, నాదొకటి. మీ రిజిస్టర్లోనే."

రిజిస్టరు తెప్పించాను. ఆమె చెప్పారు, నేను రాశాను. 'ఒక నివాసి' అని రాయబోయాను.

"నా నంబరు రాసినప్పుడు ఒక నివాసి అనలేదు కదా సాబ్."

కొట్టివేసి సరిదిద్దాను. కాగితం బోర్డు మీద పది రోజులు ఉండాలన్నారు. ఐదు రోజులు చాలవా అని అడిగాను.

"నాకెన్ని పెట్టారు?"

లోపలి గదిలోంచి ఫర్హా, "అమ్మీ, ఇంక్ రంగు కూడా సెప్పు," అంది.

దాఖలు సమయం: ఉదయం 11.20. దాఖలు చేసినవారు సంతకం చేశారు. స్వీకరించిన కార్యదర్శి, ప్రతివాది ఒకరే అయినందున ఆ రెండు గడులలోనూ నా సంతకమే ఉంది.

ఇన్వర్డు నం. 49. డిమాండు నం. 1: "ఉమ్మడి గొట్టాన్ని తన వినాయకుడి మట్టితో పూడ్చి, ఆ నేరం 302 మీద మోపినవారు ఫ్లాటు నంబరు 102, సంఘ కార్యదర్శి దేవీప్రసాద్" అని, తీర్మానం నం. 7 ఉన్న చోటనే, అంతే పెద్ద అక్షరాలతో, ఎర్ర సిరాతో, నేటి నుంచి పది రోజులు నోటీసు బోర్డు మీద ఉంచవలెను. ఆ కాగితం బోర్డు మీద కనబడేదాకా 302లో కట్టిన మూటలు ఒక్కటీ విప్పబడవు.